జార్జియాకు చెల్లని పెళ్లి

అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో పద్మజ ఉద్యోగం పక్కవాళ్ల కోడ్‌లో తప్పులు పట్టడం. ఆ పనిలో ఆమెను మించినవాళ్లు లేరు. తన తప్పు ఒకటి మాత్రం నాలుగేళ్లుగా ముద్దుగా పెంచి పోషిస్తోంది. "ఉషా మా పిన్ని కూతురండీ!" ఒకే ఇంట్లో ఉండటానికీ, గుడికి ఒకే కార్‌లో రావడానికీ, తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌కి ఇద్దరూ కలిసి ఒకే గిన్నె తేవడానికీ ఆ ఒక్క ముక్క సరిపోయింది. చుట్టరికం చెబితే చాలు, మనవాళ్లు ఇంకేమీ అడగరు. సంబంధాలు చూడటం మొదలుపెడతారు, అంతే.

కిందటి వేసవిలో ఇద్దరూ మేరీలాండ్ వెళ్లి గుట్టుగా పెళ్లి చేసుకొచ్చారు. 2013 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఫెడరల్ గవర్నమెంట్ ఇద్దరాడవాళ్లు చేసుకునే ఇలాంటి పెళ్లిళ్లను ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకుందా మహాతల్లి, ఇక సింగిల్‌గా టాక్స్ ఫైల్ చేస్తే కుదరదంది! జార్జియా ఏమో ఆ పెళ్లి మా దగ్గర చెల్లదు, సింగిల్‌గానే ఫైల్ చేయండి పొమ్మంది. వాషింగ్టన్‌కి దంపతులు, అట్లాంటాకి అపరిచితులు.

మార్చి నెలలో పద్మజ టాక్స్ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టి ఓడిపోయి లాప్‌టాప్ మీద విరుచుకుపడింది. "ఏం స్టేట్ ఇది! కట్టుకున్న మనిషిని ఎవరో అంటుందా? సిగ్గుండక్కర్లా?"

ఉషా పప్పుకి తాలింపు వేస్తూ వెనక్కి తిరక్కుండానే అంది. "జార్జియాని ఎందుకు తిడతావ్? నువ్వు నాలుగేళ్లుగా అనేదేగా అదీ అంటోంది. దానిక్కూడా నేను పిన్ని కూతుర్నే."

పద్మజ లాప్‌టాప్ మూసేసింది.

"శేషగిరి గారి దగ్గర ఫైల్ చేయిద్దాం, వస్తాను. కానీ వేరే స్టేట్‌లో నాకొచ్చిన ఆ మోరిస్‌విల్ జాబ్ ఆఫర్ ఇంకా ఓపెన్‌గానే ఉంది. ఈసారి కూడా కజిన్ అన్నావంటే సోమవారం యాక్సెప్ట్ చేసేసి వెళ్లిపోతా" అంది ఉషా. కోపంగా అన్నా బాగుండేది, మామూలుగా అంది.

శేషగిరి ఊళ్లోని తెలుగువాళ్లందరికీ టాక్సులు చేసే రిటైర్డ్ ఇంజనీరు. ఆ సీజన్లో ఆయన బేస్‌మెంట్ పెళ్లివారి విడిదిలా ఉంటుంది. సోఫాల నిండా కుటుంబాలు, చేతుల్లో ఉప్మా ప్లేట్లు. ఎవరి జీతం ఎంతో, ఎవరి ఉద్యోగం పోయిందో అందరికీ వినబడేలా అరిచి అడగడం ఆయన సర్వీస్‌లో భాగం. దానికి వేరే ఛార్జ్ చేయడు పాపం!

శనివారం ఇద్దరూ వెళ్లగానే శేషగిరి భార్య రాజేశ్వరమ్మ ఉషాకి ప్లేటుతోపాటు ఫోన్ కూడా అందించబోయింది. "మా తమ్ముడి కొడుకు సాత్విక్ అమ్మా, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాడు. ఫొటో చూడు. మీ అక్క కాదంటుందా ఏంటి!"

ఉషా ఫొటో చూడలేదు. పద్మజ వైపు చూసింది.

"అమ్మా పద్మజా, స్టేటస్ సింగిలేగా? పోయినేడాదిదే కాపీ చేసేస్తున్నా!" బల్ల దగ్గర్నుంచి కేకేశాడు శేషగిరి.

అలవాటైన నాలుక కదా, అవునండీ అనబోయింది. ఆపుకుని లేచి నిలబడింది. "కాదండీ. మ్యారీడ్. జాయింట్‌గా ఫైల్ చేయాలి."

"ఆహా! చెప్పనే లేదే! అబ్బాయి ఎవరు?"

"అబ్బాయి లేడండీ. ఉషానే. మేమిద్దరం పెళ్లి చేసుకున్నాం. తను మా పిన్ని కూతురు కాదు, నేను అబద్ధం చెప్పాను."

ఉప్మా చెంచాలన్నీ ఆగిపోయాయి. రాజేశ్వరమ్మ ఫోన్ గబుక్కున కొంగు కింద దాచేసింది, సాత్విక్ ఎక్కడ వింటాడో అన్నట్టు.

శేషగిరి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "జార్జియా ఒప్పుకోదే! ఫెడరల్ జాయింట్‌ది ఒకటి. స్టేట్ కోసం ఉత్తుత్తి ఫెడరల్ సింగిల్స్ రెండు చేసి, వాట్లోంచి స్టేట్‌వి రెండు తీయాలి. ఒక్క పెళ్లికి అయిదు రిటర్నులా! ఇలాంటివి మార్చి దాకా ఆగి చెప్తారటమ్మా?" అని కసిరాడు. లోకం ఏమైపోతోందన్న బెంగంతా ఆయనకి అక్కడితో సరి.

ఫెడరల్ కాగితం మీద భార్యో భర్తో పెట్టాల్సిన చోట ఉషా సంతకం చేస్తుంటే పద్మజ కళ్లు నిండిపోయాయి. తర్వాత జార్జియాది వచ్చింది. సింగిల్. ఇది నిజమని ప్రమాణం చేస్తున్నట్టు కింద సంతకం.

పద్మజ పెన్ను కదల్లేదు. "ఇప్పుడే కదే నిజం చెప్పాను! మళ్లీ అబద్ధమా, అదీ ప్రమాణం చేసి?" అంది.

ఉషా తన కాగితం మీద సంతకం పెట్టేసి పద్మజ కాగితాన్ని ఆమె ముందుకు జరిపింది.

"పెట్టెయ్ పద్దూ. ఈ అబద్ధం నీది కాదు, జార్జియాది."