జెర్బిల్ గారి పథ్యం

మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే పాండురంగం గారింట్లో ఒకరికి జబ్బు చేస్తే పథ్యం ఇంటిల్లిపాదికీ. ఇది ఆయన భార్య దుర్గమ్మ గారు చేసిన చట్టం. మందు రోగి ఒక్కడే మింగితే చాలు. తిండి దగ్గర మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు.

“మంచంల ఉన్నోడు చప్పిడి తింటుంటే, మనం ఎదురుంగ కూసోని పులిహోర తింటమా? మనసెట్లొస్తది?” అనేది ఆమె వాదన.

పాండురంగం గారు పన్ను పీకించుకున్న రోజున, ధాన్యం బేరానికి తిరుమలగిరి నుంచి వచ్చిన రైతులకు కూడా భోజనానికి బదులు జావే దక్కింది. “మా మీద ఏమన్న కోపమా సేటూ?” అని వాళ్లు దిగులుగా అడిగి వెళ్లారు. మిల్లు హమాలీ బిచ్చాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఈ ఇంట్లో నూనె చుక్క వాడలేదు. బిచ్చా కాస్త కోలుకోగానే బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తింటూ కనబడ్డాడు. సేటు గారింట్లో అప్పటికి ఇంకా మజ్జిగన్నమే నడుస్తోంది. కొడుకు రవితేజకు టాన్సిల్స్ తీసినప్పుడు మాత్రం ఎవరూ నోరెత్తలేదు. డాక్టరు ఐస్‌క్రీమ్ తినమన్నాడు మరి. “పిల్లగానికి తీసేటివి ఇంకేమన్న మిగిలినయా సార్?” అని పాండురంగం గారు ఆశగా అడిగి వచ్చారట.

ఈ కథలన్నీ వాసవి పెళ్లిపందిట్లోనే విన్నది. కోదాడ పిల్ల, రవితేజ భార్యగా ఈ ఇంటికి వచ్చింది. చీరల పెట్టెలతోపాటు ఒక గాజుతొట్టి, అందులో రెండు జెర్బిల్స్ వెంట తెచ్చుకుంది. ఇసుకరంగు ఒళ్లు, కుచ్చుతోక, ఎడారిలో పుట్టే జాతి. ఒకదాని పేరు జీరా, రెండోదాని పేరు బెల్లం. మొహం చూస్తే ఉడుత, కూర్చుంటే కుందేలు, పాండురంగం గారు చూస్తే ఎలుక.

“ఎలుక కాదు మామయ్యా, జెర్బిల్ అంటారండి,” అంది వాసవి.

“పేరేదైతేందమ్మా, వడ్లు తింటదా?”

“తింటుందండి.”

“ఇగ ఎలుకనే!” జీవితమంతా మిల్లులో ఎలుకలతో యుద్ధం చేసిన మనిషి ఆయన. శత్రువు నట్టింట్లో గాజుమేడ కట్టుకుని ఉంటే ఏం చేయాలో తెలియక, తొట్టి ఉన్న గదివైపు వెళ్లడమే మానేశారు.

వాసవికి ఉన్న కష్టం వేరు. హాస్టల్ రోజుల నుంచి ఆమెకు అల్సర్. కారం తగిలితే కడుపులో నిప్పులు పోసినట్టు ఉంటుంది. ఈ ఇంట్లో చారు కూడా ఎర్రగానే ఉంటుంది. నోరు తెరిచి చెబుదామంటే భయం. తన మూలంగా ఇంటిల్లిపాదీ చప్పిడి తినాల్సి వస్తే, “కోడలు వచ్చింది, కారం పోయింది” అనుకోరూ? అందుకని నవ్వుతూ తినేది, తర్వాత ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి గటగటా చల్లటి పాలు తాగేది.

ఒక ఉదయం వాసవి తొట్టి శుభ్రం చేస్తుంటే జీరా ఎగిరి దూకి వరండాలోకి పరుగెత్తింది. అక్కడ పాండురంగం గారు పేపరు చదువుతున్నారు. కుర్చీ కింద నుంచి తోక ఒకటి మెరిసింది. అంతే, ఆలోచన కంటే ముందు చెప్పు లేచింది. మిల్లులో ఏనాడూ ఎలుకకు తగలని ఆయన చెప్పు, ఆ రోజు గురి తప్పలేదు.

జీరా వెనక కాలు ఈడ్చుకుంటూ గోడవారకు చేరింది. వాసవి దాన్ని దోసిట్లోకి తీసుకుని బావురుమంది. పాండురంగం గారు ఒంటి చెప్పుతో నిలబడిపోయారు.

“నేను చూసుకోలేదమ్మా... చెయ్యి దానంతట అదే లేసింది!”

“నీ చెయ్యి పాడుగాను!” అంటూ దుర్గమ్మ గారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. “బిడ్డా, ఏడుపు తర్వాత. ముందు దవాఖాన యాడుందో సూడు.”

ఊళ్లో పశువుల డాక్టరు జీరాను కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు. “అమ్మా, బర్రెనైతే పట్టుకురండి. దీని కాలు నా సూది కంటె సన్నగున్నది,” అని చేతులెత్తేశాడు. కుందేళ్లకూ చిలకలకూ వైద్యం చేసే ఉమ అనే డాక్టరు సూర్యాపేటలో ఉందని ఆయనే చెప్పాడు.

రవితేజ కారేసుకుని మేళ్లచెరువు వెళ్లి ఉన్నాడు. అత్తాకోడళ్లు బస్సెక్కారు. దుర్గమ్మ గారు జీరా ఉన్న డబ్బాను ఒడిలో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో గాలిలోకి లేపుతున్నారు.

“డబ్బాల ఏమున్నదమ్మా?” అన్నాడు కండక్టరు.

“మా ఇంటి పేషెంటు. డ్రైవరుకు చెప్పు, జర మెల్లగ పొమ్మని.”

డాక్టర్ ఉమ జీరాను పరీక్షించి, ఎముక విరిగిందని చెప్పింది. “కట్టు కడితే కొరికి పారేస్తుంది. చిన్న పెట్టెలో, మెత్తటి టిష్యూ కాగితాల మీద ఉంచండి. ఎక్కడానికి, దూకడానికి ఏమీ ఉండొద్దు. రెండోదాన్ని దూరం పెట్టకండి, వాసన మరిచిపోతే మళ్లీ కలిసినప్పుడు కొట్టుకుంటాయి. మధ్యన జాలీ అడ్డం పెట్టండి.”

నొప్పి తగ్గే చుక్కల మందు కొనడానికి వాసవి బయటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అత్తగారు డాక్టరు దగ్గర సెలవు తీసుకుంటున్నారు.

ఇంటికి రాగానే దుర్గమ్మ గారు ప్రకటించారు. “డాక్టరమ్మ కారం బంద్ జేయమన్నది.”

“ఎలుకకా?” అన్నారు పాండురంగం గారు.

“ఇంటికి. పోపుల ఎండు మిరపకాయ ఎయ్యంగనే ఘాటు లేస్తది. ఘాటుకు దానికి తుమ్ములొస్తయి. తుమ్మితే కాలు కదులుతది. ఎముక కూడొద్దా?”

దెబ్బ కొట్టిన మనిషి ఎదురు చెప్పలేడు కదా. “తప్పు నాది, శిక్ష పడాల్సిందే. నడుమ ఈ రవిగాడేం చేసిండు?” అని మాత్రం గొణిగారు. ఆ పూట నుంచి సొరకాయ, పెసరపప్పు, మళ్లీ సొరకాయ.

మర్నాటికి జీరా తిండి మానేసింది. గింజ ముట్టదు, నీళ్లు ముట్టదు. ఇంత చిన్న ప్రాణి ఒక పూట తినకపోయినా ప్రమాదమేనని వాసవికి తెలుసు. డ్రాపరుతో నీళ్లు అందించబోతే అది మూతి తిప్పుకుంది. మధ్యాహ్నమైనా దుర్గమ్మ గారు కంచాలు పెట్టలేదు.

“అన్నం?” అన్నాడు రవితేజ.

“రోగి తినలే. మనమెట్ల తింటం?”

పాండురంగం గారు మొదటిసారి ఆ గదిలోకి వెళ్లి, పెట్టె ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అరచేతిలో ఒలిచిన గుమ్మడి గింజలు. “తినమ్మా. నీకు దండం పెడుత. ఇంక నా మిల్లంత నీదే, ఏ బస్తాల నోరు పెట్టినా అడగ. షుగరున్నోణ్ణి, జర నన్ను సూసన్న తిను.” జాలీ అవతల బెల్లం కాళ్లతో టపటపా నేల తట్టింది. జీరా మెల్లగా ముక్కు చాపి, ఆయన అరచేతిలోంచి ఒక గింజ అందుకుంది.

మిల్లు నుంచి ఫోన్ మోగింది. “ఎవడూ ఎత్తొద్దు!” అని ఆయన గుసగుసగా అరిచారు. “పేషెంటు తింటున్నది!” వాసవి ఏడుస్తూనే నవ్వేసింది. వెనక నుంచి దుర్గమ్మ గారు, “లేవుండ్రి, కంచాలు పెట్టిన,” అన్నారు.

ఆ రోజు నుంచి పాండురంగం గారే పెద్ద నర్సు. మిల్లులో మేలైన గింజలు ఏరి జేబులో వేసుకొచ్చేవారు. జీరా నిలబడింది, కుంటింది, చివరికి పరుగెత్తింది. కారం మాత్రం ఇంట్లోకి తిరిగి రాలేదు. “ఇంకా దానికి నీరసమున్నది,” అనేవారు దుర్గమ్మ గారు. నీరసమున్న జీరా ఆ సమయంలో అట్టపెట్టెను ముక్కలు ముక్కలుగా చీల్చి పోగులు పెడుతూ ఉండేది.

చివరికి పాండురంగం గారు తిరగబడ్డారు. “పదుండ్రి, సూర్యాపేట పోదాం. డాక్టరు నోటితోనే తేల్చుకుంట.” నలుగురూ కారెక్కారు, జీరాతో కలిసి.

“కాలు బాగా కూడుకుంది. ఇక భయం లేదు,” అంది డాక్టర్ ఉమ.

“మరి కారమో?”

“ఏ కారమండి?”

“మా ఇంట్ల కారమమ్మా! ఘాటుకు దీనికి తుమ్ములొస్తయన్నరట గద?”

“నేను అలాంటిదేమీ చెప్పలేదే,” అంది డాక్టరు. అందరూ దుర్గమ్మ గారివైపు చూశారు. ఆమె గోడమీద కుక్కపిల్లల క్యాలెండరును శ్రద్ధగా చూస్తున్నారు.

వాసవికి తన కడుపులో మంట ఎన్నాళ్ల నుంచి లేదో అప్పుడు లెక్కకొచ్చింది. బయటికి రాగానే అత్తగారి చెయ్యి పట్టుకుంది. “మీకెలా తెలిసిందత్తయ్యా?”

“ఫ్రిజ్జు తలుపు ఎనక నిలబడి గన్ని పాలు తాగే కోడలు యాడుంటది బిడ్డా? మొదలు పాలంటే ఇష్టమేమో అనుకున్న. తర్వాత నువ్వు కడుపు పట్టుకునుడు సూసిన.”

“నన్ను అడగొచ్చు కదా!”

“నువ్వేమో దాసుకుంటివి. దాసుకున్నదాన్ని పదిమందిల అడిగితే నీకెట్లుంటది? ఎట్ల చేద్దామా అని నేను పరేషాన్ల ఉంటే, మీ మామ చెప్పు ఇసిరిండు.”

పాండురంగం గారు నడిరోడ్డు మీద ఆగిపోయారు. “అంటే... ఇన్ని దినాలు నేను తిన్నది ఎలుక పథ్యం కాదా? కోడలి పథ్యమా?”

“అవు. ఏం, చేదయిందా?”

ఆయన జీరా డబ్బాను చేతిలో సర్దుకున్నారు. “గా ముక్క ముందే చెప్తే, ఇన్ని సార్లు గొణగకపోదును గద,” అన్నారు చిన్నగా.

ఎదురుగా టిఫిన్ సెంటరు ఉంది. లోపల కూర్చోగానే పాండురంగం గారు సర్వరుతో అందరికీ ఇడ్లీ చెప్పారు, పచ్చడి వద్దన్నారు. వాసవి తలెత్తి, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి పెద్దగొంతుతో మాట్లాడింది.

“నాకు ఇడ్లీ చాలండి. మామయ్యకు మిర్చి బజ్జీలు. ఇంట్లో కూడా రేపటి నుంచి కూర రెండు గిన్నెల్లో వండుకుందాం అత్తయ్యా. నా గిన్నె నేను చూసుకుంటాను.”

దుర్గమ్మ గారు చట్టం గురించి ఏదో అనబోయి, కోడలి మొహం చూసి మాట మార్చారు. “నీ ఇష్టం బిడ్డా. నీ గిన్నెల నాకింత పెట్టు మరి.”

బజ్జీలు వచ్చాయి. పాండురంగం గారు కళ్లు మూసుకుని ఆనందంగా ఒక్క కొరుకు కొరికారు. మరుక్షణం ఆయన చెవులు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది. ఇన్నాళ్ల సొరకాయకు అలవాటు పడ్డ నాలుక కారానికి దడుచుకుంది. ఆయన సగం బజ్జీని మెల్లగా కొడుకు పళ్లెంలోకి జరిపి, ఎవరివైపూ చూడకుండా సర్వర్ని పిలిచారు.

“బాబూ, నా ఇడ్లీ ఇంకా రాలేదేందిరా?”