బావి లోతులో నా వాటా

ఆ రోజు నేను చేసిన తప్పు చాలా చిన్నది. నోరు మూసుకోలేదు, అంతే. దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు, తెలిసి అబద్ధమాడలేదు. అయినా ఆ ఒక్క తప్పుతో ఒక బావి పందొమ్మిది మీటర్లు కిందికి దిగిపోయింది, రెండంతస్తుల బడి ఏడంతస్తులై నిలబడింది, ఒక ఆడపిల్ల హైదరాబాద్ ప్రయాణం ఆగిపోయింది. మొదటి రెండింటికీ మీరు హాయిగా నవ్వుకోవచ్చు. నేను ఇది రాస్తున్నది మూడోదాని కోసం.

మాది మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్. కొన్నేళ్ల కింద బచ్చన్నపేట మండలంలోని ఒక ఊరి బడికి భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చాను. అనుభవం తక్కువ, గొంతు ఎక్కువ. వచ్చిన కొత్తలోనే ఒక శిక్షణలో, పిల్లలు ఏ మంచి పని చేసినా ఆ క్షణంలోనే మెచ్చుకోవాలని చెప్పారు. మూడు రోజుల శిక్షణలో నాకు ఒంటబట్టింది ఆ ఒక్క ముక్కే. ఆ తర్వాత ఎవరైనా సుద్దముక్క అందిస్తే "శభాష్!" ఎవరైనా గుడ్డు పెంకు చక్కగా ఒలిస్తే "శభాష్!" నా శభాష్ మామూలుది కాదు. దానికి బడి ముందున్న వేపచెట్టు మీది కాకులు లేచి, ఊరు చుట్టూ ఒక తిరుగు తిరిగి వచ్చి కూర్చునేవి.

ఆ ఏడు జనగామలో జిల్లా సైన్స్ ఫేర్. మొదటి బహుమతి వచ్చినవాళ్లు రాష్ట్ర స్థాయికి హైదరాబాద్ పోతారు. తొమ్మిదో తరగతి రజితకు ఆ ప్రయాణం మీదే మనసు. తక్కువ మాట్లాడే పిల్ల. ఎక్కడో చదివి ఒక యాప్ సంగతి పట్టుకొచ్చి, నా ఫోన్‌లోనే వేయించింది.

"సార్, గిది చెవులతోని నడిచే గడియారం. ఒక చప్పుడుకు మొదలైతది, ఇంకో చప్పుడుకు ఆగుతది. సెకండుల నూరో వంతు గూడ చెప్తది."

రెండు చప్పట్లు కొట్టాను. వాటి మధ్య ఎంతసేపు పట్టిందో తెరమీద అంకె పడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ పడింది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఒక్కణ్ణే కూర్చుని చప్పట్లు కొడుతూనే ఉన్నాను. కిటికీలోంచి చూసిన హెడ్మాస్టర్ ఏమనుకున్నారో ఆయనకే తెలియాలి. ఇన్నాళ్లూ జేబులో పెట్టుకుని తిరుగుతున్నది ఫోన్ అనుకున్నాను. అది ఒక చెవి అని, నా చెవికన్నా వెయ్యి రెట్లు నమ్మకమైనదని ఆ రోజే తెలిసింది.

"దీంతోని బాయి లోతు కొలువొచ్చు సార్," అంది రజిత.

ఎలాగంటే, మా వైపు బుగ్గ అని పిలిచే బెలూన్‌కు ఒక రాయి కట్టాలి. వెదురు బొంగు చివర దాన్ని బావి మీదికి చాపాలి. ఇంకో కర్రకు తుమ్మముల్లు కట్టి బుగ్గను పొడవాలి. బుగ్గ 'టప్' అన్నప్పుడు గడియారం మొదలవుతుంది, రాయి నీళ్లలో 'బుడుంగ్' అన్నప్పుడు ఆగుతుంది. రాయి ఎంతసేపు పడిందో తెలిస్తే ఎంత లోతు పడిందో లెక్క వస్తుంది. తాడు లేదు, దిగడం లేదు. ఆ ఉపాయానికి నాకు ఒళ్లు పులకరించింది. వెంటనే ఏమన్నానో మీకు చెప్పక్కర్లేదు. కాకులు లేచాయి.

బావి ఊరి చివర పత్తి చేను పక్కన ఉంది. రజితనూ, దాని స్నేహితురాలు భాగ్యనూ గట్టుకు నాలుగడుగుల దూరంలో నిలబెట్టి, ఫోన్‌ను నా పక్కన రాతిమీద పెట్టుకున్నాను. మొదటిసారి బుగ్గ పగిలీ పగలగానే నెమలి అరిచింది. గడియారం ఆగింది. రెండోసారి పక్క చేను మోటారు మొదలైంది. మూడోసారి మేకలాయన ఈల వేశాడు.

"సార్, బాయి మూడు జానలు వచ్చింది," అంది భాగ్య. భాగ్య మౌనంగా ఉండే రకం కాదు. "మేకలాయన ఇంకో ఈల వేస్తే పూడిపోతది."

యాప్‌లో ఒక మీట ఉంది. చిన్న చప్పుళ్లను పట్టించుకోవద్దని దానికి చెప్పే మీట. నేను దాన్ని కొస వరకు జరిపేశాను. "ఇప్పుడు నెమలి గాదు, నెమలి తాత అరిచినా ఆగది!"

నిజంగానే ఆగలేదు. బుగ్గ పగిలింది, రాయి పడింది, నీళ్ల చప్పుడు నా చెవినా పడింది. "శభాష్!" అన్నాను. తెరమీద రెండు పాయింట్ ఆరు సెకన్లు. మళ్లీ చేశాం. శభాష్. మళ్లీ రెండు పాయింట్ ఆరు. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ అదే. లెక్క కడితే లోతు ముప్పై మూడు మీటర్లు!

"సార్," అంది రజిత మెల్లగా. "మా బాపు నీళ్లదాకా పదిహేను గజాలంటడు. మా తాతనే తవ్విండు ఈ బాయి."

పదిహేను గజాలంటే పద్నాలుగు మీటర్లు కూడా కాదు. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"బిడ్డా, మీ బాపు గజంబద్ద గొప్పదా, సెకండుల నూరో వంతు చెప్పే ఫోన్ గొప్పదా? ఐదుసార్లు ఒక్కటే లెక్క వచ్చిందంటే అదే సైన్స్!"

అంతటితో ఆగితే బాగుండేది. చార్టు మీద 'మండలంలోనే అతి లోతైన బావి: 33 మీటర్లు' అని నా చేత్తో నేనే రాశాను. దాని కింద ఎర్ర సిరాతో 'గ్రామస్థుల అంచనా 15 గజాలు, తప్పు' అని కూడా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట ఓడిన సంగతి తెలియకుండానే నేను రచ్చకు బయలుదేరాను.

జనగామలో ఫేర్ రోజు రజిత వాళ్ల బాపు సమ్మయ్య వచ్చాడు. బావుల్లో పూడిక తీసే మనిషి. కూలి మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బిడ్డ పని చూడ్డానికి వచ్చాడు. చార్టు ముందు నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఎర్ర సిరా దగ్గర ఆగాడు.

"తప్పా, సారూ?" అన్నాడు. కోపంగా కాదు. "మా నాయిన తవ్వంగ పైన మోకు నేనే పట్టిన. గా మోకు ఇంకా ఇంట్లనే ఉన్నది."

అంతలో న్యాయనిర్ణేత వచ్చాడు. భూపాలపల్లిలో లెక్చరర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. చార్టు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"నేను బొగ్గు బాయిల దిగినోణ్ణి సార్. ఒక రైతు చేతులతోని ముప్పై మూడు మీటర్లు తవ్విండంటే ఆయన కాళ్లు మొక్కాలె. ఏడున్నడు?"

సమ్మయ్య చేతులు కట్టుకున్నాడు. "తవ్వింది మా నాయిన, సారూ. కానీ గంత తవ్వలే."

బిడ్డ బహుమతి పోతుందని తెలిసి కూడా, లేని లోతును ఆ మనిషి తీసుకోలేదు. ఫోన్‌కన్నా ముందు నేను ఆశ్చర్యపోవలసింది అక్కడ.

"సరే, ఈ బడినే కొలువుండ్రి," అన్నాడు పెద్దమనిషి. ఫేర్ జరుగుతున్నది రెండంతస్తుల బడిలో. మేము పైన పిట్టగోడ దగ్గర, కింద నీళ్ల బకెట్. బుగ్గ పగిలింది, రాయి పడింది, నేను మెచ్చుకున్నాను. లెక్క ఇరవై ఒక్క మీటర్లు వచ్చింది.

"సార్, గిది రెండంతస్తుల బడా, ఏడంతస్తుల మేడా? మీరు జర నోరు మూసుకొని ఇంకోసారి చేయుండ్రి," అన్నాడు పెద్దమనిషి.

రెండు చేతులతో నోరు మూసుకున్నాను. బుగ్గ టప్ అంది. రాయి బకెట్‌లో పడింది. గడియారం ఆగలేదు. ఐదు సెకన్లు. పది. ఇరవై. బడి ఎత్తు మేఘాలు దాటిపోతోంది. అందరూ నన్నే చూస్తున్నారు.

"సార్, మీరు తిట్టనంటే ఒకటి చూపిస్త," అంది రజిత.

సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. గీత కొట్టి రెండు వరుసలు రాసి ఉన్నాయి. ఒకదాని మీద 'సార్ ఉన్నప్పుడు.' రెండోదాని మీద 'సార్ లేనప్పుడు.'

నేను మీటింగుకు పోయిన రోజున పిల్లలిద్దరూ సమ్మయ్యనూ, అదే యాప్ వేసిన ఆయన ఫోన్‌నూ వెంటబెట్టుకుని పొద్దున్నే బావి దగ్గరికి పోయారట. మోటార్లు వేయకముందు, నెమళ్లు చేను దిగకముందు. మీటను నాలాగే కొసకు జరిపితే, నేను లేకుండా గడియారం ఆగడమే లేదని గమనించి, దాన్ని వెనక్కి జరిపి, మళ్లీ కొలిచారట. ఒకటి పాయింట్ ఏడు సెకన్లు. చప్పుడు పైకి రావడానికి పట్టే సమయం తీసేస్తే, పద్నాలుగు మీటర్లకు కాస్త తక్కువ.

పెద్దమనిషి రెండు వరుసలూ గట్టిగా చదివాడు. "బాయి పద్నాలుగు మీటర్లు. మరి మిగతా పందొమ్మిది మీటర్లు ఎవరియి?"

"అయి సార్ శభాష్‌వి, సార్!" అంది భాగ్య.

జనగామ నవ్వింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేము బావిని కొలిచి నన్ను పట్టాం. మీట కొసన ఉంది కాబట్టి నీళ్ల చప్పుడు ఫోన్‌కు ఆనలేదు. పక్కనే అరిచే నేను ఆనాను. ఐదుసార్లూ ఒకే లెక్క రావడం సైన్స్ కాదు, నేను అంత తప్పకుండా అరవడం.

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను, నా గొంతు నాకే వినిపించనంత మెల్లగా.

"మూడుసార్లు వచ్చిన సార్. 'ఒక డౌటు' అనంగనే, 'డౌటు వచ్చిందా, శభాష్!' అని పోయిన్రు."

రజిత మీట జరిపి, "జర అందరు సప్పుడు చేయకుండ్రి," అంది. మైకులో హెడ్మాస్టర్లు చెప్పినా ఆగని జనం, ఆ పిల్ల మాటకు ఆగిపోయారు. టప్. తర్వాత ఒక నిశ్శబ్దం. కింది నుంచి చిన్న బుడుంగ్. ఒకటి పాయింట్ రెండు సెకన్లు, ఏడు మీటర్లు. ఎవరో పై నుంచి టేపు వదిలారు. ఏడు మీటర్లే. చేతిలో ఒక ఫోన్, ఒక ముల్లు, అంతమంది బిగబట్టిన ఊపిరి. ఇంత పెద్ద విషయాన్ని పట్టుకోవడానికి కావలసింది అంతేనా అనిపించింది.

కానీ మార్కులు చార్టుకు. చార్టు మీద ముప్పై మూడు. రజితకు రెండో బహుమతి వచ్చింది. హైదరాబాద్ వేరే బడి పిల్లలు పోయారు. తిరుగు బస్సులో రజిత ఏడవలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భాగ్య కూడా బచ్చన్నపేట దాకా ఒక్క మాట మాట్లాడలేదంటే మీరు అర్థం చేసుకోవచ్చు.

ఆ ఆదివారం సమ్మయ్య ఇంటికి పోయాను. "తప్పు నాది, సమ్మయ్యన్నా. గా మోకు తీస్కరా, తరగతి మొత్తం ముందు కొలుద్దాం," అన్నాను. మర్నాడు తరగతి మొత్తం చూస్తుండగా ఆయన మోకుకు రాయి కట్టి బావిలోకి వదిలాడు. రాయి నీటిని తాకినట్టు కంటికి కనబడలేదు, చెవికి వినబడలేదు. ఆయన వేళ్లకు తెలిసింది. పైకి లాగి గజంబద్దతో కొలిచాం. పదిహేను గజాల మీద బెత్తెడు. రజిత లెక్క కట్టింది. ఫోన్ చెప్పిందీ అదే, ఆ బెత్తెడుతో సహా. ఎన్నడో మోకు పట్టిన చేతులూ, నిన్న మొన్న వచ్చిన యాపూ ఒక్కచోటికి వచ్చి నిలబడ్డాయి.

నోరు మూసుకునే నిలబడ్డాను. సమ్మయ్య నవ్వాడు. "ఇప్పుడు అను సారూ. రాయి పైకొచ్చింది, ఇగ ఏం కాదు."

అన్నాను. బావి తిరిగి అంది. పిల్లల ముందే చార్టు మీద ఎర్ర సిరా మాట కొట్టేసి, నా ముప్పై మూడు పక్కన నా చేత్తోనే 'తప్పు' అని రాశాను.

మరుసటి ఏడు రజిత పదో తరగతి. మళ్లీ జనగామ. ఈసారి అంశం 'కొలిచే మనిషి వల్ల కొలతలో వచ్చే దోషం'. ఆ రోజంతా ఎండలో నిలబడి, అడిగినవాళ్లందరి కోసం, బుగ్గ పగిలిన ప్రతిసారీ నేను శభాష్ అన్నాను. గొంతు పోయింది. ఆ పిల్ల మొదటి బహుమతి తీసుకుని హైదరాబాద్ పోయింది. వెనక నేనూ పోయాను, తప్పదు మరి. చార్టు మీద అందమైన అక్షరాలతో రాసి ఉంది. 'కావలసిన పరికరాలు: బుగ్గలు, రాళ్లు, తుమ్మముల్లు, వెదురు బొంగు, ఫోన్, ఒక సార్.'

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రాయి నీళ్లలో పడి, అలలు గట్టును తాకి, పిల్ల నోట్‌బుక్‌లో అంకె రాసి, డౌటు పూర్తిగా అడిగి, పెన్నుకు మూత పెట్టేదాకా ఈ జన్మలో నేను ఎవరినీ మెచ్చుకోను. ఆ తర్వాత మాత్రం కాకుల బాధ్యత నాది కాదు.