గడప పక్కన తిప్పిన టైలు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నాలుగు నెలలుగా ఇదే తంతు. కాగితం తీస్తాను, గుండీలు కుట్టాల్సిన చొక్కా ఏదో గుర్తొస్తుంది, కాగితం లోపల పెట్టేస్తాను. అసలు ఒక మనిషి గురించి రాయాలంటే ఆ మనిషి ఎక్కడ ఏం చేశాడో రాసేవాడికి తెలియాలి కదా. నాకు తెలియదు. తెలుసుకోబోయిన కొద్దీ ఇంకా తెలియకుండా పోయింది. తెలిసినంత వరకూ చెబుతాను, మిగతాది మీరే సర్దుకోవాలి.

టైల్స్ మేస్త్రి పోయాడు. ఇక్కడ గల్ఫ్‌లో, కూలీలుండే బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో, పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ మంచం మీద కూర్చుని, కుడికాలి బూటు లేసు కట్టుకుని, ఎడమకాలి బూటు చేతిలోకి తీసుకుని అలాగే పక్కకి ఒరిగిపోయాడట. కింద బస్సు రెండుసార్లు హారన్ కొట్టిందట. ఈ మాట నాకు ఫోన్లో చెప్పింది మా ఇద్దరికీ స్నేహితుడైన రాయచోటి డ్రైవరు. ఒక అరబ్బు ఇంట్లో బండి తోలుతాడు.

"మామా, మేస్త్రి లేడంట" అన్నాడు.

"డ్యూటీకి వెళ్ళుంటాడు, మధ్యాహ్నం చెయ్యి" అన్నాను.

"మధ్యాన్నానికీ ఉండడు మామా" అన్నాడు. అప్పుడర్థమైంది.

నాది ఫరీజ్ బిన్ మహమూద్‌లో చిన్న టైలరింగు దుకాణం. కోనసీమ నుంచి కుర్రతనంలో వచ్చి, ఇక్కడే కళ్ళజోడు నంబరు మూడుసార్లు మార్చుకున్నాను. చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా కస్టమర్లు మరిచిపోయి వెళ్ళిన పుస్తకాల్లోంచి వచ్చింది. అందులో ఒక పటాల పుస్తకం ఉంది. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

మేస్త్రి నా దగ్గరికి మొదట వచ్చింది ప్యాంటు మోకాళ్ళ కోసం. టైల్స్ వేసేవాళ్ళ ప్యాంట్లు మిగతా అంతా కొత్తగానే ఉంటాయి, మోకాళ్ళు మాత్రం చిరుగుతాయి. మనిషి చేసే పని అతని బట్ట ఎక్కడ చిరుగుతుందో చూస్తే చెప్పేయొచ్చు. డ్రైవరుకి వెనక, గుమాస్తాకి మోచేతుల దగ్గర, నాకు ఎక్కడా చిరగవు, ఎందుకంటే చిరిగే లోపే కుట్టేసుకుంటాను. సరే, మేస్త్రి ప్యాంటుకి మోకాళ్ళ దగ్గర పాత జీన్స్ గుడ్డతో లోపల ఒక పొర, పైన ఒక పొర వేసి ఇచ్చాను. వారం తర్వాత వచ్చాడు.

"అన్నా, మోకాళ్ళు మంచిగున్నయ్. ప్యాంటే పోయింది" అన్నాడు.

అలా మొదలైంది మా స్నేహం. తర్వాత ఒక శుక్రవారం, ఎక్కడో మిగిలిపోయిన టైల్స్ నాలుగు పెట్టెలు తెచ్చి నా దుకాణంలో నేల వేశాడు. వద్దన్నా వినలేదు. ఒక్కో టైలు మీద నీలం పువ్వు, ఒక పక్కకి వంగిన కాడ. కాడలన్నీ వీధివైపు చూస్తున్నాయి. గడపకి కుడిపక్క, రెండో వరుసలో ఒక్కటి మాత్రం గోడవైపు చూస్తోంది.

"మేస్త్రీ, అది తిరగబడింది."

"తిరగవడలే అన్నా. తిప్పిన."

"ఎందుకయ్యా?"

"మొత్తం సక్కగుంటే కన్ను వడ్తది. పసిపిల్ల బుగ్గకు సుక్క పెట్టరా, గట్ల."

"నా దుకాణం మీద ఎవడి కన్ను పడుతుంది, నాకే కనపడక చస్తుంటే?"

"మార్చమంటే మారుస్త. తర్వాత మిషన్ చెడిపోయిందని నాకు ఫోన్ చెయ్యకు."

మార్చమనలేదు. కానీ వచ్చినప్పుడల్లా ఆ టైలు చూపించి తిట్టేవాణ్ణి. అతను తృప్తిగా నవ్వేవాడు. ఇది అతని పద్ధతి. జగిత్యాల పక్క పల్లెలో సొంతింట్లోనూ అదే చోట ఒకటి తిప్పాడు. సైట్లలో ఇంజనీర్లు ఒప్పుకోరు కదా, అక్కడ తలుపు చాటునో, బీరువా వచ్చే చోటో తిప్పేవాడు. లుసైల్‌లో ఒక టవరు చూపించి, "ముప్పై అంతస్తులు ఊకనే నిలవడ్డదనుకున్నవా? నా సుక్కుంది లోపల" అన్నాడొకసారి. అదే మనిషి, వెంట్రుక మందం తేడా వచ్చిందని తన కింద పనివాళ్ళు వేసిన గోడంతా పీకించి మళ్ళీ వేయించేవాడు. "తప్పు మనం చెయ్యాలె గని, తప్పు మనకు జరగొద్దు" అనేవాడు. ఈ మాట మీద నేను చాలా ఆలోచించాను. సగమే అర్థమైంది.

ఇక స్పెయిన్. లుసైల్‌లోనే ఒక పెద్దమనిషి అతిథి గృహానికి పాతకాలపు స్పెయిన్ పద్ధతిలో లోపలి ముంగిలి కావాలన్నాడు. టైల్స్ అక్కడి నుంచి వస్తాయి. అవి వేసే తీరు చూసొస్తే గానీ పెట్టె విప్పొద్దని అమ్మినవాళ్ళు షరతు పెట్టారట. కంపెనీ ఒక ఈజిప్టు ఇంజనీరునీ, మన మేస్త్రినీ ఇరవై రోజులు పంపింది. మేస్త్రి ఊళ్ళో ఈ సంగతి తెలిసి, "దుబాయ్ నుంచి దుబాయ్‌కే పంపిండ్రట" అనుకున్నారు. వాళ్ళకి సముద్రం దాటితే అంతా దుబాయే.

తిరిగొచ్చాక నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని చెప్పాడు. జనం లక్షలు పోసి చూసొచ్చే చోట్లన్నీ చూశాడు. చూసిన తీరే వేరు. గ్రనడాలో కొండమీద అల్హంబ్రా అనే ఎర్రకోట ఉంది కదా. "అందరు మెడలెత్తి పైకప్పు నగిషీ సూస్తున్నరు. గోడ కింది అంచున సిన్న సిన్న ముక్కలు కోసి అతికిచ్చిండ్రన్నా, ఒక్కో ముక్క చేత్తోని కోసింది. నేను కూసొని సూస్తుంటే గార్డొచ్చి లేపిండు, పాణం బాగలేదనుకొని." కోర్దొబాలో ఎరుపూ తెలుపూ చారల కమానుల కింద స్తంభాల తోట, మధ్యలో చర్చి. "మసీదా చర్చా అని ఇంజనీర్‌ను అడిగిన. రెండూ అన్నడు. ఏదైతేందని బూట్లిప్పిన. ఏస్కొమ్మన్నరు. దేవుని ఇంట్ల బూట్లేస్కొమ్మనంగ గాడనే సూసిన."

సెవిల్‌లో అర్ధచంద్రాకారంలో ఒక పెద్ద మైదానం, చుట్టూ జిల్లాకొకటి చొప్పున టైల్స్ అతికించిన బెంచీలు. అన్నిటి మీదా కూర్చుని చూశాడట, ఏది ఊగుతుందోనని. తిరుగు విమానం బార్సిలోనాలో ఎక్కాలి, అక్కడ ఒక పూట దొరికింది. పగిలిన టైలు ముక్కలతో పాములా వంపులు తిరిగిన బెంచీ చూశాడు. "మనం చెత్తల పారేసేటియి. టికెట్ కొని కూసుంటున్నరు." నూరేళ్ళు దాటినా ఇంకా కడుతూనే ఉన్న చర్చి దగ్గర క్రేన్లు చూసి ముచ్చట పడ్డాడు. "ఏ కంపెనీయో గని, పని దొరికితే గసుంటి కాడ దొరకాలె."

వీటన్నిటి మధ్యా ఒక ఇల్లు ఉంది. పాత ఇల్లు, టికెట్ కొని లోపలికెళ్ళాలి. లోపలి ముంగిలిలో నేల కొంత బాగుచేస్తున్నారు. అక్కడి ముసలి మేస్త్రి మనవాడికి మూడు వరుసలు అప్పగించాడు. మనవాడు ఏం చేశాడో మీకు తెలిసిపోయే ఉంటుంది.

"తిప్పావా?"

"తిప్పిన. గా ముసలాయన సూసిండన్నా. తిడ్తడనుకున్న. నా మొకం సూసిండు, టైలు సూసిండు, సుత్తె కట్టెతోని దాన్ని రెండుసార్లు కొట్టి గట్టి జేసి, చాయ్ తాగనీకి పోయిండు. ఒక్క మాట రాదు ఆయనకు నాకు. అర్థమైందన్నా ఆయనకు."

"ఏ ఊళ్ళో ఇది?"

"గదే అన్నా, రోడ్ల పొంటి నారింజ చెట్లున్న ఊరు. ఎవ్వడు తెంపడు."

తర్వాత ఒకరోజు గ్రనడా అన్నాడని నాకు గుర్తు. మరో రోజు కోర్దొబా అన్నాడనీ గుర్తే. వ్యానులో మూడూళ్ళ మధ్యా తిప్పారు, బోర్డులు చదవలేడు, అతనికే కలగలిసిపోయాయి. నేను గట్టిగా అడగలేదు. అడగడానికి బోలెడు రోజులున్నాయనుకున్నాను.

మేస్త్రి భార్య ఫోన్ చేసింది నెల మాసికం ముందు. నేనెప్పుడూ ఆమెను చూడలేదు. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను.

"అన్నా, ఫోటో కట్టిస్తున్న. కింద రాయాలె. మా ఊర్ల అందరు దుబాయ్‌ల ఉండి దుబాయ్‌ల పోయిండు అంటున్నరు, స్పెయిన్ దాంక పోయొచ్చిండంటె నమ్ముతలేరు. గా ఇంట్ల ఆయన టైలు తిప్పిండు కదా, గా ఊరు పేరు రాయిస్త. నాకు సెవిల్ అన్నట్టే చెప్పిండు. కరెక్టేనా?"

కనుక్కుని చెబుతానని ఫోన్ పెట్టేశాను. డ్రైవరుని అడిగితే కోర్దొబా అన్నాడు, ఒట్టు పెట్టాడు. కంపెనీ ఆఫీసు కాగితాల్లో స్పెయిన్ అని మాత్రమే ఉంది. పాస్‌పోర్టులో దిగినచోటు మాడ్రిడ్, ఎక్కినచోటు బార్సిలోనా. ఈజిప్టు ఇంజనీరు ఎప్పుడో ఉద్యోగం మారాడు. అతి కష్టం మీద నంబరు దొరికితే, "చాలా ఇళ్ళు చూశాం బాబాయ్, ఒకచోట చేపలు బాగున్నాయి" అని సమాధానం పంపాడు. నా పటాల పుస్తకం తీశాను. సెవిల్‌కి నది ఉంది, కోర్దొబాకి అదే నది ఉంది, గ్రనడాకి కొండ ఉంది. నారింజ చెట్ల సంగతి పటాల పుస్తకంలో ఉండదు. డ్రైవరు తన ఫోన్లో వెతికి చెప్పాడు, మూడూళ్ళలోనూ ఉన్నాయట.

సెవిల్ అని చెప్పేస్తే పోయేది. ఆమెకి శాంతి, నాకు నిద్ర. చెప్పబోయాను కూడా. కానీ వెంట్రుక మందం తేడాకి గోడ పీకించిన మనిషి ఫోటో కింద ఊరు పేరు ఉజ్జాయింపుగా ఎలా రాయిస్తాం?

ఆమె మళ్ళీ ఫోన్ చేస్తే, "కాస్త ఆగమ్మా, ఇంకా కనుక్కుంటున్నాను" అన్నాను.

"కింద ఖాళీ ఉంచి కట్టుమంట" అంది.

మాసికం ఖాళీ జాగాతోనే జరిగింది.

ఎండాకాలంలో డ్రైవరు యజమాని కుటుంబం స్పెయిన్ వెళ్తుంది. ఏటా వెళ్తారు, ఏటా ఇతన్నీ తీసుకెళ్తారు, పిల్లల బండి తోయడానికి. ఏటా వచ్చి అక్కడేం చూశావురా అంటే, "తోసినా మామా" అనేవాడు. ఈసారి నేనొక పని అప్పగించాను. ఎక్కడికి తీసుకెళ్ళినా గడపకి కుడిపక్క నేల చూడు, తిప్పిన టైలు కనిపిస్తే ఫోటో పంపు.

పంపాడు. ప్రతిదానికీ ఊరి పేరు చెప్పి మరీ పంపాడు, వారం రోజులు నా ఫోన్ నిండిపోయింది. స్పెయిన్ వెళ్ళినవాడు పంపిన ఫోటోల్లో ఒక్క కోట లేదు, గంటల గోపురం లేదు, ఆకాశం లేదు. నేల. మధ్యలో ఎవరివో చెప్పులు. ఒకదాంట్లో పావురం.

"మామా, నా మెడ పట్టేసుండాది" అని గొంతు రికార్డు చేసి పంపాడు. "అందరూ పైకి చూస్తాంటే నేను కిందికి చూస్తాండా. మా మేడం ఏం పోగొట్టుకున్న్యావని అడిగె. టైలు అంటి. ఒగ తెల్లామె నాతో పాటు వంగి ఆయమ్మ గూడా ఎతికె, పాపం, ఉంగరం పడిపోయిందనుకోని. ఇంగో మాట మామా. తిప్పిన టైలు ఒగటి కాదు. శానా ఉండాయి. ఈడ అందురూ మేస్త్రిలేనా ఏంది?"

లెక్కపెడితే పదకొండు. మూడూళ్ళలోనూ ఉన్నాయి. బాగుచేసేటప్పుడు పొరపాటున తిరిగినవో, కావాలని తిప్పినవో, ఎవరు చెప్పగలరు? ఆ ముసలి మేస్త్రి సుత్తె కట్టెతో రెండుసార్లు కొట్టి చాయ్‌కి వెళ్ళిపోవడం గుర్తొచ్చింది. అతనికి కొత్త కాదేమో. నాకు మాత్రం తల తిరిగింది. ఒకటి వెతకమంటే పదకొండు దొరకడం కన్నా అసలు దొరకకపోవడమే నయమనిపించింది.

ఏది ఏ ఊరో రాయకుండా పదకొండూ ఆమెకి పంపాను. రెండు రోజులకి ఫోన్ వచ్చింది.

"అన్నా, దొరికింది. కుడి దిక్కు, రెండో వరుస. మా ఇంట్ల లెక్కనే ఉన్నది."

"ఏదమ్మా?"

"పావురం ఉన్నది."

అది సెవిల్. నా గుండె తేలికపడింది. అంతలోనే ఆమె, "గింకోటి సుత గట్లనే ఉన్నది, చెప్పులున్నది" అంది. అది కోర్దొబా. మళ్ళీ, "నీడ వడ్డది సుత గట్లనే కొడ్తున్నది" అంది. అది గ్రనడా.

మూడూళ్ళూ సరిపోయాయి. నవ్వొచ్చింది, కానీ ముందు ఎవరు నవ్వాలో తెలియలేదు. ఆమే నవ్వింది.

"బతికున్నప్పుడు సుత గిట్లనే. ఎక్కడున్నవంటే సక్కగ చెప్పకపోతుండె" అంది. తర్వాత కొంచెం సేపు ఏడ్చింది. నేను ఫోన్ పెట్టకుండా పట్టుకుని కూర్చున్నాను.

మొన్న ఫ్రేము ఫోటో పంపింది. మేస్త్రి పెళ్ళినాటి చొక్కాలో ఉన్నాడు, కాలరు కుదరలేదు, ఎవడు కుట్టాడో. కింద మూడు వరుసలు: సెవిల్, కోర్దొబా, గ్రనడా. పేర్లకి చోటు చాలక ఫ్రేము దుకాణంవాడు మేస్త్రి బొమ్మ చిన్నది చేయాల్సి వచ్చిందట. ఇప్పుడు ఊళ్ళో ఎవరైనా దుబాయ్ అంటే ఆమె వాళ్ళని గోడ దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టి చదివిస్తోందని విన్నాను.

మీలో ఎవరైనా ఆ ఊళ్ళకి వెళ్తే పైకప్పులు చూడండి, బాగుంటాయట. గుమ్మం దాటేటప్పుడు ఒకసారి కిందికి కూడా చూడండి. ఏదైనా కనిపిస్తే నాకు మాత్రం పంపకండి. నాకు పదకొండు చాలు.

పోయిన వారం బిల్డింగు ఓనరు నా దుకాణంలో నీళ్ళపైపు బాగుచేయించడానికి ఒక పాకిస్తానీ మేస్త్రిని పంపాడు. పని అయ్యాక అతను నేల తుడుస్తూ ఆగి, ఇక్కడొకటి తిరగబడింది, ఎలాగూ సిమెంటు మిగిలింది, సరిచేసి పోనా చాచా, అన్నాడు. వద్దన్నాను. అతను సామాను సర్దుకుని వెళ్ళాడు. నేను స్టూలు జరిపి ఆ తిప్పిన టైలు మీద వేసుకుని, ప్యాంటు మోకాళ్ళు కుట్టడానికి కూర్చున్నాను.