బర్రెకు పెట్టొద్దన్న గింజలు

బూజు పట్టిన వేరుశనగ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అరవైల చివర మాట. విడవలూరు దగ్గర ఒక మండీలో అమ్మా నేనూ కాయలు ఒలిచే పనికి పోయేవాళ్ళం. పొడి కాయ ఒలిస్తే వేళ్ళు పగులుతాయి, గింజ చితుకుతుంది. అందుకని ముందురోజే కాయల మీద నీళ్ళు చల్లి గోనెపట్టాలు కప్పేవాళ్ళం. ఆ చుట్టుపక్కల అందరిదీ అదే పద్ధతి. వానల్లో ఆ కుప్ప ఆరేది కాదు. పట్టా తీస్తే వేడి ఆవిరి, గింజల మీద పచ్చటి బూజు. నిండు గింజ బస్తాకెక్కేది. నల్లబడ్డదీ బూజు పట్టిందీ మాకు కూలి. తుడిచి, వేయించి, పొడి కొట్టుకునేవాళ్ళం. పాలు మాన్పించిన నా కూతురికి ఆ పొడే జావలో కలిపి పట్టేదాన్ని.

మండీ ఆసామి ఇంట్లో కూడా ఆ గింజలే బర్రె దాణాలో వేసేవాళ్ళు. ఆ ఏడు బర్రె మేత మానేసి, చిక్కి చచ్చింది. పశువుల డాక్టరు వచ్చి, బూజు గింజలు గొడ్డుకు పెట్టొద్దన్నాడట. ఆసామి మా ఎదుటే పాలేరు మీద ఎగిరాడు.

"ఇంకోసారి ఆ గింజలు చావిట్లో కనపడితే నీ తోలు తీస్తా!"

అని, ఇటు తిరిగి, అదే కుప్పలోంచి మాకు కూలి కొలిచాడు. సిగ్గు లేదు, శరం లేదు.

అప్పటికే నా బిడ్డకు కళ్ళు పచ్చబడి పొట్ట ఉబ్బింది. ఊరుకోలేకపోయాను.

"గొడ్డుకు పడనిది బిడ్డకు పడుద్దా అయ్యా?"

"బర్రె సుకుమారం మే. మీకు రాళ్ళు తిన్నా అరుగుతాయిలే" అని నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు.

నా కూలి గింజలన్నీ వాడి కాళ్ళ ముందు పారబోశాను. ఇక ఆడవాళ్ళందరూ లేస్తారనుకున్నాను. లేచారు. లేచి వచ్చి, ఆ గింజల్ని కొంగుల్లోకి ఏరుకున్నారు. అందరికంటే ముందు వంగింది మా అమ్మ.

"ఎండబెడితే బూజు పోద్దిలేమే. పొద్దుగూకితే బిడ్డకేం పోస్తావు?" అంది.

ఇంట్లో వేరే గింజ లేదు. అదే పొడి జావలో కలిపి పట్టాను. ఆకలి మీదుందేమో, గిన్నె ఖాళీ చేసింది. నెల తిరక్కుండా పోయింది.