సేటు మార్కు గొర్రెలు

ఆ రోజుల్లో మా సూర్యాపేటలో డబ్బున్నవాడెవరో, లేనివాడెవరో చొక్కా చూసి చెప్పడం కష్టంగా ఉండేది. ఇద్దరి చొక్కాలకూ మాసికలే. కాకపోతే లేనివాడు మాసికను దాచుకునేవాడు, ఉన్నవాడు దర్జాగా చూపించుకు తిరిగేవాడు. మా సేటు రెండో రకం. ఆయనది ధాన్యం అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన ధాన్యాన్ని మిల్లులవాళ్లకు అమ్మిపెట్టి, మధ్యలో తన అడ్తి తాను తీసుకునేవాడు. నేను అక్కడ గుమాస్తాని. సేటు పత్రిక కొనేవాడు కాదు. పక్క దుకాణంవాళ్లు చదివి పడేసిన నిన్నటి పత్రికను తెప్పించుకుని ఇవాళ చదివేవాడు. ఒకసారి ధైర్యం చేసి, "సేటూ, గిది నిన్నటిది గదా" అన్నాను. "వార్తలేమన్న పాలా, ఇరిగిపోనీకి?" అన్నాడు. ఆయనకో గొడుగు ఉండేది. గుడ్డ వెలిసిపోతుందని ఎండలో దాన్ని చంకలో పెట్టుకుని నడిచేవాడు. (వానలో కూడా విప్పడని గిట్టనివాళ్లు అనేవారు. అది పచ్చి అబద్ధం. వానలో సగం విప్పేవాడు.)

అలాంటి గురువు దగ్గర చేరిన నేను ఏడాది తిరిగేసరికి గురువును మించిపోయాను. నా పిసినారితనానికి ఒక ఆశయం ఉంది. నాకు ఈ గుమాస్తాగిరీ నుంచి విముక్తి కావాలి. కోదాడలో మా మేనత్త ఉండే వీధిలో చిన్న కిరాణా దుకాణం పెట్టుకోవాలి. ఒకరు పిలిస్తే లేవకుండా, ఒకరి ముందు జీతానికి చెయ్యి చాపకుండా, నా గల్లాపెట్టె ముందు నేనే కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి. ఆ శుభదినాన సేటుతో అనాల్సిన మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను: "సేటూ, రేపటి సంది నేను రాను." గోదాములో ఎవరూ లేనప్పుడు బస్తాల ముందు నిలబడి ఆ మాటను ఒకసారి గంభీరంగా, ఒకసారి జాలిగా, ఒకసారి చిరునవ్వుతో అని చూసుకునేవాణ్ణి. (బస్తాలు ఎదురు మాట్లాడేవి కావు. అందువల్ల నా ధైర్యం రోజురోజుకూ పెరిగిపోయింది.)

ఇక నా పొదుపు సంగతి చెప్పాలంటే సిగ్గుతో పాటు కాస్త గర్వం కూడా వేస్తుంది. చాయ మానేశాను. చాయ హోటలు ముందు నుంచి నడవడం మాత్రం మానలేదు, వాసనకు డబ్బు అడగరు కదా. నడిచేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని, మనుషులు కనబడగానే కాళ్లకు తొడుక్కునేవాణ్ణి. క్షవరం ఖర్చు, తలనూనె ఖర్చు, దువ్వెన ఖర్చు ఒక్క దెబ్బతో పోతాయని మాటిమాటికీ గుండు కొట్టించుకునేవాణ్ణి. ఎవరైనా అడిగితే, "మొక్కు" అనేవాణ్ణి. దాంతో బజారులో నాకు గొప్ప భక్తుడనే పేరొచ్చింది. ఒకరిద్దరు ముసలమ్మలు దుకాణానికి వచ్చి, "అయ్యా, మా మనవనికి జరమొచ్చింది, జర మొక్కు" అని కూడా అడిగారు. మొక్కాను. తగ్గింది. మళ్లీ వస్తారేమోనని భయపడ్డాను కానీ గుండు మాత్రం మానలేదు.

అలా కూడబెట్టిన డబ్బుతో ఒక ఆడ గొర్రెను కొన్నాను. మా వైపు పాలుకు ఇవ్వడమని ఒక పద్ధతి ఉంది. గొర్రె మనది, మేపేది గొర్ల కాపరి. పుట్టిన పిల్లల్లో సగం ఆయనవి, సగం మనవి. ఆత్మకూరు దగ్గర మందలున్న ఒక కాపరి ధాన్యం అమ్మడానికి మా దుకాణానికి వచ్చేవాడు. వరస కలుపుకుని మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. నా గొర్రెను ఆయన మందలోనే వదిలాను. నా విముక్తికి అదే మొదటి బేరం కనుక దానికి 'బోణీ' అని పేరు పెట్టాను. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి... తెల్లారేసరికి కోదాడ బజారంతా కొనేసి, అమ్మేవాళ్లు లేక మిర్యాలగూడ మీద పడ్డాను.

సెలవు దొరికినప్పుడల్లా చెప్పులు చేతపట్టుకుని నా ఆస్తిని చూసుకోవడానికి వెళ్లేవాణ్ణి. చిక్కేమిటంటే మామ మందంతా తెల్ల గొర్రెలే. అన్నిటికీ ఒకటే మొహం. "మామా, నాదేది?" అంటే, "గిదే" అని ఒకదాన్ని చూపించేవాడు. మళ్లీ వెళ్తే, "గదే" అని ఇంకోదాన్ని చూపించేవాడు. "పోయినసారి దాని చెవు గిట్ల లేకుండె మామా" అంటే మామకు కోపమొచ్చింది. "నీ గొర్రెను నేను తింటనా అల్లుడా? మందల కన్నబిడ్డలెక్క సూసుకుంటున్న. గంత అనుమానముంటే గుర్తేసుకో పో!" అన్నాడు.

గుర్తు! మంచి మాటే. కానీ గుర్తు వేయాలంటే రేకులో అచ్చు కోయించాలి, రేకులపని అతనికి డబ్బివ్వాలి. నా చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగిపోయింది. ఎందుకంటే దుకాణంలో అచ్చు ఉండనే ఉంది కదా! గోనె సంచుల మీద వేసే సేటు మార్కు అది, చక్రంలో త్రాసు బొమ్మ. అడిగితే కాదంటాడా అనుకుని అడగకుండానే సంచిలో వేసుకున్నాను. డబ్బాలో అడుగున మిగిలిన నల్లరంగును కిరసనాయిలుతో కలిపి, బోణీ వీపు మీద అచ్చు వేశాను. అబ్బ, ఎంత ముచ్చటగా పడిందని! ఆ తర్వాత పుట్టిన ప్రతి పిల్లకూ, కొన్న ప్రతి గొర్రెకూ అదే మార్కు. నాలుగేళ్లు గడిచేసరికి నా వాటా గొర్రెలు చిన్న మందే అయ్యాయి. అవి కొండ దిగుతుంటే బస్తాలకు కాళ్లొచ్చి నడుస్తున్నట్టుండేది.

చివరికి ఆ శుభదినం వచ్చింది. కోదాడలో మేనత్త ఒక గది చూసి పెట్టింది. సూర్యాపేట వారపు అంగడిలో గొర్రెలను అమ్మితే దుకాణం కిరాయికి, మొదటి సరుకుకు సరిపోతుంది. మామ గొర్రెలను తోలుకుని బయలుదేరాడని కబురందగానే నేను సేటు ముందు నిలబడ్డాను. కొత్తగా కొట్టించిన గుండు నిగనిగలాడుతోంది. "సేటూ, రేపటి సంది నేను రాను" అన్నాను. బస్తాల ముందు అన్నంత బాగా రాలేదు, మధ్యలో గొంతు కీచుమంది. సేటు నిన్నటి పత్రికలోంచి తలెత్తి, "మంచిది. పోయే ముందు ఆ సంచులు సర్ది పో" అన్నాడు. అంతే! నాలుగేళ్లు సాధన చేసిన మాటకు దక్కిన జవాబు అది. నేను కూడా ఏం చేశాను? సంచులు సర్దే వెళ్లాను.

అంగడిలో అసలు కథ మొదలైంది. మిర్యాలగూడ నుంచి వచ్చిన బేరగాడొకడు నా గొర్రెల వీపులు చూసి ఆగిపోయాడు. అతనికి ఆ మార్కు తెలియకపోవడమేమిటి? ఆ త్రాసు బొమ్మ బస్తాలు వాళ్ల ఊరి మిల్లులకు లారీల కొద్దీ వెళ్తాయి. "గివ్వి సేటు గొర్లు గదా, అమ్మనీకి నువ్వెవరు?" అన్నాడు. "నావే" అన్నాను. "నీయైతే సేటు మార్కు ఎందుకున్నది?" అన్నాడు. మామ ముందుకొచ్చి, "మా అల్లునియే, నేను సాక్షి" అన్నాడు. "దొంగకు సాక్షి మామనా?" అన్నారు చుట్టూ చేరినవాళ్లు. "సేటు గొర్ల యాపారం ఎప్పుడు పెట్టిండే?" అని ఒకడు, "సేటు గొర్లయితే గడ్డి గూడ త్రాసుల జోకుకొని తింటయ్" అని ఇంకొకడు. నవ్వులే నవ్వులు. ఎవరో అప్పటికే సేటును పిలవడానికి పరుగెత్తారు. పొద్దున ఎవరి కొలువు వదిలేశానో, మధ్యాహ్నానికి ఆయన నోటి మాట మీద నా బతుకంతా వేలాడుతోంది.

సేటు వచ్చాడు. మండుటెండలో గొడుగు చంకలోనే ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా గొర్రెల చుట్టూ తిరిగాడు. బోణీ వీపు మీది రంగును వేలితో రుద్ది వాసన చూశాడు. నావైపు చూశాడు. ఆయన "నావే" అని ఒక్క మాటంటే చాలు, గుండువాడి మాట నమ్మేదెవరు? నాలుగేళ్లు తాగని చాయలన్నీ ఒక్కసారి కళ్ల ముందు కదిలాయి. ఏడుపొచ్చింది, దాచుకోను.

"అచ్చు నాది" అన్నాడు సేటు. "రంగు నాది. గొర్లు మావోనియి."

బేరగాడు తగ్గి, ఒక ధర అన్నాడు. ఆ ధర చెవిన పడగానే సేటుకు తేలు కుట్టినట్టయింది. "గంతకా? నా మార్కున్న సరుకు గంతకు ఎన్నడన్న పోయిందా?" అంటూ భుజం మీది తువ్వాల తీసి బేరగాడి చేతి మీద కప్పాడు. అంగడి బేరం అలాగే సాగుతుంది. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియదు. యజమానిని నేనే అయినా నాకూ తెలియలేదు. తువ్వాల ఎగిసెగిసి పడుతోంది. బేరగాడి మొహం ఎర్రబడింది, సేటు మొహంలో పదేళ్ల వయసు తగ్గింది. మధ్యలో మామ, "అల్లుడా, నీ గొర్లు మంచిగనే అమ్ముడువోతున్నట్టున్నయ్" అని నా చెవిలో అన్నాడు. తువ్వాల తీసేసరికి నేను కలలో అనుకున్న ధర కన్నా ఎక్కువే పలికింది. బోణీని మాత్రం సేటు పక్కకు లాగేశాడు. "ఇది ముసల్ది, మొదటిది. బోణీ సొమ్ము అమ్ముకుంటరా ఎవరన్న?" అన్నాడు. దాని పేరు ఆయనకు ఎవరు చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆనందం పట్టలేక కాళ్ల మీద పడబోయాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, డబ్బులోంచి తన అడ్తి లెక్కగా తీసుకుని మిగతాది నా చేతిలో పెట్టాడు. నేను నోరు తెరిచాను. "ఏం సూస్తున్నవ్?" అన్నాడు. "నా గుమాస్తావైతే అడ్తి తీసుకోకపోదును. పొద్దుగాలనే ఇడిసిపెట్టి పోతివి గదా!" ఆ అడ్తితో మంచి అచ్చులు నాలుగైదు కోయించుకోవచ్చు.

బోణీని వెంటబెట్టుకుని వెళ్లి కోదాడలో దుకాణం తెరిచాను. మొట్టమొదట ఏం కొన్నానంటే, అచ్చు! చక్రంలో గొర్రె బొమ్మ. కాలు మీద కాలేసుకుని కూర్చునే తీరిక ఇప్పటి వరకూ దొరకలేదన్నది వేరే సంగతి. గుమాస్తాకు అమావాస్య సెలవైనా ఉండేది, యజమానికి అదీ లేదు. కొన్ని వానాకాలపు తెల్లవారుజాముల్లో, తలుపు పలకలు తీస్తూ, నడుము పట్టేసినప్పుడు, "సేటూ, రేపటి సంది నేను రాను" అని నాలో నేనే అంటాను. ఇప్పుడు గొంతు కీచుమనదు, చాలా బాగా వస్తుంది. వినే సేటును కూడా నేనే కదా, తల ఎత్తకుండానే జవాబిస్తాను: "మంచిది. పోయే ముందు ఆ సంచులు సర్ది పో."

నవ్వుకుంటూ సర్దుతాను.