ఆపరేటర్ కాక చెప్పిన అమెరికా సినిమా

నా చిన్నప్పుడు మా బొగ్గుగనుల కాలనీలో నాకు ఒక పేరుండేది. ఎవరినైనా సరే అచ్చం దింపేస్తుందని. హెడ్మాస్టరు దగ్గు, పాలు పోసే ముసలమ్మ నడక, షిఫ్టు సైరన్ కూత, అన్నీ చేసి చూపించేదాన్ని. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి మంచం మీద కూర్చున్న మా బాపు వాటిని చూసి కడుపు పట్టుకొని నవ్వేవాడు. ఎంత కడిగినా ఆయన కళ్ల అంచుల్లో బొగ్గు నలుపు కాటుకలా మిగిలిపోయేది. ఆ కళ్లు నవ్వితే చాలు, నేను లోకంలో ఎవరినైనా దింపడానికి సిద్ధం. మా అమ్మను అవ్వ అనేదాన్ని. ఆమె మాత్రం "గా నోరు నిన్ను ఎన్నడో ముంచుతది" అనేది. అప్పుడు నాకు పదకొండేళ్లు.

మా లైనులో చివరి క్వార్టర్లో ఆపరేటర్ కాక ఉండేవాడు. మా బాపుకు దోస్తు. గనిలో కాలు దెబ్బతిన్నాక ఆయనకు కార్మికుల క్లబ్బులో సినిమా మెషిన్ నడిపే పని ఇచ్చారు. కాకకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయేది. మెడ నరాలు బిగుసుకొని, కళ్లు మూతపడి, మాట బయటికి వచ్చేసరికి ఎదుటివాళ్లు ఓపిక పట్టలేక తామే పూర్తి చేసేసేవారు. అందుకే ఆయన చాలా తక్కువ మాట్లాడేవాడు. నన్ను మాత్రం మెషిన్ గదిలోకి రానిచ్చేవాడు. రీలు ఎట్లా ఎక్కించాలో, తెగితే ఎట్లా అతికించాలో నోటితో చెప్పకుండా చేత్తోనే చూపించాడు.

ఆ ఏడు ఒక కుర్ర ఇంజనీరు సారు మా క్లబ్బులో ఆదివారం మధ్యాహ్నాలు వేరే దేశాల సినిమాలు చూపించడం మొదలుపెట్టాడు. పట్నం నుంచి రీళ్ల పెట్టెలు పెద్దపల్లి స్టేషనుకు వచ్చేవి. కాక బస్సులో పోయి తెచ్చేవాడు. కిటికీలకు నల్లని గొంగళ్లు కట్టేవారు. మాకు ఇంగ్లీషు రాదు కాబట్టి సారు మెషిన్ పక్కన నిలబడి, మైకు పట్టుకొని, తెర మీద మాటలను తెలుగులో చెబుతూ పోయేవాడు. వాటిలో ఒకే అమెరికా డైరెక్టరు తీసినవి మూడు వచ్చాయి. పెద్ద కంపెనీలు చెప్పినట్టు తీయనని పంతం పట్టి, మామూలు ఇళ్లల్లో, తన మనుషులతో, తనకు తోచినట్టు తీసుకున్నవాడట ఆయన. ఫైట్లు లేవు, పాటలు లేవు. ఒక ఇంట్లో నలుగురు మాట్లాడుకుంటారు, కొట్లాడుకుంటారు, మళ్లీ కలిసి తింటారు. సగం జనం మధ్యలోనే లేచిపోయేవారు. కాక మాత్రం ఆ రీళ్లు వాపసు పంపేలోపు ఒక్కడే రెండు మూడుసార్లు వేసుకొని చూసేవాడు.

మూడో సినిమా వచ్చిన వారం ఇంజనీరు సారు ఇంట్లో ఎవరికో బాగాలేదని ఊరికి వెళ్లాడు. వెళ్లే ముందు సినిమా కాకతో కలిసి చూసి, కథంతా చెప్పి వెళ్లాడట. మైకులో చెప్పేవాళ్లు లేరు, ఈసారికి వద్దు అన్నాడు క్లబ్బు సెక్రటరీ. "నే... నేను చె... చెప్త సార్" అన్నాడు కాక. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకు అప్పుడు తెలియదు.

బయట వాన. పోవడానికి ఇంకో చోటు లేక హాలు నిండింది. సినిమాలో ఒక ముసలి బస్సు డ్రైవరు. కూతురి పుట్టినరోజుకు ఇంటినిండా చుట్టాలు. భోజనాల బల్ల దగ్గర ఆయన లేచి నిలబడి బిడ్డ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలనుకుంటాడు. చెప్పలేకపోతాడు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. ఆమెను చూసి అందరూ నవ్వుతారు. "గి... గిప్పుడు గా ము... ముస..." అని కాక మైకులో ఆగిపోయాడు. నా పక్కన మా లైను పిల్లలు కిసుక్కుమన్నారు. నా గొంతులో దురద పుట్టింది.

"ము... ముస... ముస..." అన్నాను గట్టిగా. అచ్చం కాక గొంతే. ఆ ఊపిరి బిగబట్టడం కూడా.

హాలంతా గొల్లున నవ్వింది. ఇంకోసారి అన్నాను. ఆ నవ్వుల్లో, వెనక వరసలో కూర్చున్న మా బాపు నవ్వు కోసం వెతికాను. వినపడలేదు.

కాక మైకు పక్కన పెట్టేశాడు. సినిమా తెలుగు మాట లేకుండా నడిచింది. తెర మీద ఆ ముసలాయన ముఖం ఒక్కటే. వేరే సినిమా అయితే నవ్వేవాళ్లను చూపించి ఆయన్ని వదిలేసేది. ఈ డైరెక్టరు వదల్లేదు. ఆ ముఖంలో నవ్వబోయిన పెదవులు వణకడం, తడిసిన కళ్లు కిందికి వాలడం, చేతిలోని గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచకపోవడం, అంతా చూడాల్సి వచ్చింది. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చూడలేక నేను వెనక్కి తిరిగాను. మెషిన్ వెలుతురులో కాక కనిపించాడు. ఆయన కూడా తెరవైపే చూస్తున్నాడు.

సినిమా అయ్యాక సెక్రటరీ లైట్లు వేయించి, గట్ల చేసింది ఎవరని అరిచాడు. నేను లేవలేదు. నన్ను పుట్టినప్పటి నుంచి ఎరిగిన కాక ముందుకు వచ్చి "చీ... చీకట్ల ఏం కా... కానొస్తది సార్. నా... నాకు తెల్వది" అన్నాడు. రీళ్లు ఇంకో వారం ఉంటాయని, ఇంకొక్క ఆట వేయనివ్వమని బతిమాలాడు.

ఇంటికి వచ్చాక బాపు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "ఇగ నా ముంగట ఎవ్వలిని ఎక్కిరియ్యకు బిడ్డా" అని మాత్రం అన్నాడు.

మూడు రోజులు ఆ చివరి క్వార్టరు వైపు పోలేదు. నాలుగో రోజు కాకే మా ఇంటికి వచ్చాడు. నేను అవ్వ వెనక దాక్కున్నాను.

"బి... బిడ్డా, నేను చె... చెవుల చెప్త. నువ్వు మై... మైకుల చెప్తవా?" అని అడిగాడు.

జరిగినదేదీ తెలియని అవ్వ "గంత మందిల గిది చెప్తదా?" అంది.

"చె... చెప్తది వదినె. మం... మంచి గొంతు" అన్నాడు కాక.

ఆ ఆదివారం జనం తక్కువే. మెషిన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కాక వంగి నా చెవిలో చెప్పడం మొదలుపెట్టాడు. గుసగుసలో ఆయనకు నత్తి లేదు. ఒక్క అక్షరం కూడా ఆగలేదు. మెత్తగా, నిదానంగా, వాగులో నీళ్లు పోయినట్టు. ఇన్నేళ్లలో ఆ గొంతును ఎంతమంది విన్నారో! ఆయన చెప్పింది చెప్పినట్టే నేను మైకులో చెబుతూ పోయాను. లేచిపోయేవాళ్లు కూడా ఆగి కూర్చున్నారు.

భోజనాల దగ్గరికి వచ్చింది కథ. ఆ ముసలాయన ముఖం తెర నిండా. కాక తెరవైపు ఒకసారి చూశాడు. తర్వాత నా చెవిలో మెల్లగా అన్నాడు. "నవ్వింది నా బిడ్డే గదా. నవ్వుకోనియ్యి. ఇంటి పిల్ల మీద కోపమేంది?"

అవే మాటలు నేను హాలంతా వినపడేలా చెప్పాను.

ఆట అయ్యాక మా బడికి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది. బాగా చెప్పావని మెచ్చుకుంది. "కానీ ఆ భోజనాల దగ్గర ఆయన అసలేమీ మాట్లాడడు కదమ్మా, ఆ మాటలు ఎక్కడివి?" అని అడిగింది.

నేను తిరిగి చూశాను. కాక వంగి రీళ్లు పెట్టెలో సర్దుతున్నాడు. నా చెవులు కాలిపోయాయి. ఆ మాటలు సినిమావి కావు. అవి నాకు చెప్పిన మాటలు. నా తప్పును నా నోటితోనే క్షమింపజేశాడాయన. చెంప పగలగొట్టి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని.

దగ్గరికి వెళ్లాను. తప్పయింది కాకా అనాలి. నోరు తెరిచాను. "త..." దగ్గర ఆగిపోయింది. కాక చేతిలో పని ఆపి, తల ఎత్తి, నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. తొందరపెట్టలేదు. మాట అందించలేదు. చివరికి నేను "పెట్టె నేను మోస్త కాకా" అన్నాను. ఆయన తల ఊపి చిన్న పెట్టె నాకు ఇచ్చాడు.

మరో రెండేళ్లు ఆయన గుసగుసలకు నేనే గొంతునయ్యాను. తర్వాత మా బాపుకు వేరే గనికి బదిలీ అయింది. కాక పోయాడని చాలా ఏళ్లకు ఎవరో చెబితే తెలిసింది. ఆ ఒక్క మాట ఆయనకు చెప్పకుండానే ఉండిపోయింది.

ఆ తర్వాత నేను ఎవరినీ దింపలేదు. ఎవరి మాట అయినా సగంలో ఆగిపోతే నేను పూర్తి చేయను, చూపు తిప్పుకోను. వాళ్ల ముఖం చూస్తూ కూర్చుంటాను. మా కోడలు అందరితో "మా అత్తమ్మకు ఓపిక ఎక్కువ" అంటుంది. అది ఓపిక కాదని చెప్పాలంటే ఆ వాన ఆదివారం నుంచి చెప్పుకురావాలి. అక్కడికి వచ్చేసరికి నా మాట ఇప్పటికీ ఆగిపోతుంది.