సున్నం గోతంలో అంతోనివారు

నేను చేసిన వెధవపనుల్లో ఒక్కటి మాత్రం తలుచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. కొంపలంటుకున్న ఆ కథ చెబుతాను, మీరు నవ్వుకోండి.

మాది నరసరావుపేట. మా ఇంట్లో ప్రభువుకీ మనిషికీ మధ్య ఎవరూ ఉండరు, మా పాస్టరుగారు తప్ప. అత్తారిది పిడుగురాళ్ల, ఆర్.సి.ఎం., అంటే కతోలిక కుటుంబం. నా భార్య సుగుణ ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వెళ్లింది. చూసొద్దామని నేను వెళ్లేసరికి మా అత్తగారు గూట్లో ఉన్న పునీత అంతోనివారి చెక్క స్వరూపం, అదే చెక్క బొమ్మ, ముందు కొవ్వొత్తి వెలిగించి, "నా బిడ్డ పురుడు సుఖంగా అయ్యేటట్టు మాకోసం వేడుకోండి" అంటున్నారు. ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే నేను నేనెందుకవుతాను!

"నేరుగా ప్రభువునే అడగొచ్చుగా అత్తయ్యా? చచ్చిపోయినాయన్ని అడగటమేంది?"

"మీరు మీ పాస్టరుగారి చేత ప్రార్థన చేయించుకోరా అల్లుడుగారూ?"

"ఆయన బతికున్నాడు!"

"బతికుండి నరసరావుపేటలో ఉన్నాడు. అంతోనివారు దేవుడి దగ్గరున్నారు. ఎవరి మాట ముందు చేరుద్ది?"

సుగుణ పకపకా నవ్వింది. నా కోపం నషాళానికంటింది. భక్తి వల్ల అనుకునేరు, ఆ నవ్వు వల్ల.

మా మామ సున్నం బట్టీలో మేస్త్రి. బట్టీకి పంపాల్సిన ఖాళీ గోతాలు వసారాలో కుప్పగా పడున్నాయి. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే స్వరూపాన్ని ఒక గోతంలో దూర్చి కుప్ప అడుగుకు తోశాను. పోయిన వస్తువులన్నీ వెతికిపెట్టే ఆయనట కదా, తనని తాను వెతుక్కుంటాడేమో చూద్దామని! సాయంత్రం తీసి చూపించి, నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను. అత్తారింటి భోజనం సంగతి మీకు తెలుసుగా, నేనూ పడి నిద్రపోయాను.

ఏడుపులకి మెలకువొచ్చింది.

"పురుడు ముందర పెట్టుకొని ఆయన ఎళ్లిపోయాడే! ఏం కీడు రాబోతుందో!" అని అత్తగారు గూటి ముందు కూలబడ్డారు. సుగుణ పొట్ట పట్టుకుని వెక్కుతోంది. వసారాలోకి పరిగెత్తాను. ఖాళీ.

"గోతాలేవి?"

"నాన్న ఆటోలో ఏసుకొని బట్టీకి పొయ్యాడు. ఇప్పుడు నీకు గోతాల గోలేందయ్యా?" అని అరిచింది సుగుణ.

నేను బట్టీకి పరిగెత్తేసరికి గోతాల్లో సున్నం నింపేస్తున్నారు, లారీ సిద్ధంగా ఉంది. అది కదిలితే దానితోపాటు నా కాపురమూ కదిలినట్టే. ఒక్కో గోతం దులుపుతుంటే కళ్లలో, నోట్లో సున్నమే.

"ఏందన్నా ఎతుకుతున్నావ్?" అందొక కూలీ ఆమె.

ఏమని చెప్పను? ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపులో నోరు జారింది.

"అంతోనివారూ, తప్పయిపోయింది! ఒక్కసారి కనబడండి. పుట్టే బిడ్డకి మీ పేరే పెట్టుకుంటా!"

తరవాతి గోతంలో చెయ్యి పెడితే చెక్క తగిలింది. ఆనందంగా వెనక్కి తిరిగాను. అత్తగారు! నేను గోతాలడిగినప్పుడే అనుమానమొచ్చి వెనకాలే వచ్చారట.

"ఎవర్నో పిలిచినట్టుందే?"

"ప్రభువునే అత్తయ్యా."

"మొక్కు కూడా ఇన్నాలే." స్వరూపాన్ని కొంగుతో తుడిచి, అప్పటిదాకా మీరూ గీరూ అన్న మనిషి ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. "అంతోనివారు కిట్టకపోతే నన్ను తిట్టరా! కడుపుతో ఉన్న పిల్లని ఏడిపిస్తావా?"

బట్టీ అంతా చూస్తోంది.  

పురుడు సుఖంగానే అయింది. మగపిల్లాడు. పేరు సంగతి నన్నెవరూ అడగలేదు. ఆ వెధవ ఒక్కచోట నిలవడు. రోజూ పొద్దుగూకేవేళ నేను మా వీధి మధ్య నిలబడి, "అంతోనీ! ఎక్కడున్నావురా? ఒక్కసారి కనబడరా!" అని గొంతు చించుకోవాల్సిందే. ఆ వీధి చివరే మా పాస్టరుగారి ఇల్లు.

సుగుణకి మళ్లీ నెల తప్పింది. అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మా అత్తగారి గూట్లో ఎవరున్నా సరే, వాళ్లని ఉన్నచోటే ఉండనిస్తాను.